పై ఫ్లాట్ బాత్రూం మా సీలింగ్‌లోకి కారుతోంది, పైవాళ్లేమో మాది కాదంటున్నారు. ఏం చేయమంటారు?

సీతమ్మధార సెకండ్‌ఫ్లోర్:

మాది వైజాగ్ సీతమ్మధారలో పాత అపార్ట్‌మెంట్ అండి. కింద పార్కింగ్, పైన అయిదు ఫ్లోర్లు, ఫ్లోరుకి నాలుగు ఫ్లాట్లు. మేం రెండో ఫ్లోర్‌లో ఉంటాం, సొంత ఫ్లాటే. ఈ వానాకాలం మొదలైన దగ్గర్నుంచి మా కామన్ బాత్రూం సీలింగ్‌లో ఒక మూల చెమ్మ పట్టింది. మొదట్లో అరచేయంత మచ్చ, దాని చుట్టూ తెల్లగా ఉప్పు పొంగి ఉండేది, చీపురుతో దులిపితే పొడి రాలేది. ఇప్పుడది పాక్కుంటూ గీజర్ పాయింట్ దాకా వచ్చేసింది. పొద్దున్న స్నానాల టైంలో చుక్కలు బాగా పడతాయి, మధ్యాహ్నానికి తగ్గుతాయి. నెత్తి మీద ఆ నీళ్లు పడుతున్నాయని మా పాప ఆ బాత్రూం వాడటమే మానేసింది. హాల్లో బయటి గోడ మీద కూడా రంగు పొక్కులు లేచి ఊడుతోంది.

పైన ఉండేది పెద్దవాళ్లు. అంకుల్ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, కొడుకు అమెరికాలో. ఇన్నాళ్లూ మాకూ వాళ్లకూ చాలా మంచిగా ఉండేది. సింహాచలం గిరి ప్రదక్షిణకి మేం వెళ్తే పాప ఆ రాత్రంతా ఆంటీ దగ్గరే పడుకునేది. అలాంటి వాళ్లతో ఇప్పుడు మాటల్లేవు.

జరిగిందేమిటంటే, మేం వెళ్లి మెల్లగా చెప్పాం. అంకుల్ లోపలికి తీసుకెళ్లి బాత్రూం చూపించారు. నిజంగానే శుభ్రంగా, పొడిగా ఉంది. "మా దగ్గర చుక్క నీరు నిలవదమ్మా, బిల్డింగే పాతది, అందరికీ కారుతుంది" అన్నారు. సరే చూద్దాం అనుకుని వచ్చేశాం. ఈలోగా మా సెక్రటరీ గారు (నేను ఆయనకి ఫోటో పంపింది కేవలం ప్లంబర్ ఎవరైనా తెలుసా అని అడగడానికి) ఆ ఫోటో తీసుకెళ్లి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి "పై ఫ్లాట్ ఓనర్ వెంటనే స్పందించవలెను" అని రాశారు. ఇంక చూడండి, సంబంధం లేనివాళ్లంతా దిగిపోయారు. ఒకాయన "బాధ్యత లేని మనుషులు" అన్నారు, ఇంకొకావిడ నాలుగేళ్ల కిందట పైవాళ్లు బాల్కనీ కడిగితే తన వడియాలు తడిసిన సంగతి తవ్వి తీశారు. అంకుల్ ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇప్పుడు లిఫ్ట్‌లో ఆంటీ కనిపిస్తే నా వైపు చూడరు, ఫ్లోర్ నంబర్లు మారుతుంటే వాటినే చూస్తూ నిలబడతారు.

మా ఆయనకి ఓపిక అయిపోయింది. టెర్రస్ మీద వాళ్ల లైన్ గేట్‌వాల్వ్ కట్టేస్తే రెండు రోజుల్లో వాళ్లే దిగొస్తారు అంటున్నారు. నాకది ఇష్టం లేదు. అసలు లీకు ఎక్కడిదో తేల్చడం ఎలా? తేలితే ఖర్చు ఎవరిది? ఇవన్నీ ఒక ఎత్తు, వాళ్లతో మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడం ఎలా అనేది ఇంకో ఎత్తు. ఇలాంటిది పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక సైట్ మనిషి:

మేడం, మిగతా సంగతులు తర్వాత, ముందు ఆ గీజర్ ఎంసీబీ (కరెంటు బోర్డులో ఉండే స్విచ్) ఆపేయండి. చెమ్మ పాయింట్ దాకా వచ్చింది అంటున్నారు, తడి గోడ, తడి చేతులు, కరెంటు, ఈ మూడూ ఒకచోట ఉండకూడదు. లైటు కూడా ఆ మూలనే ఉంటే అదీ ఆపండి. ఎలక్ట్రీషియన్ చూసి సరే అనేదాకా వేయొద్దు.

ఇప్పుడు లీకు. నేను బిల్డింగ్ పనుల్లోనే ఉంటాను, ఈ పంచాయితీ దాదాపు ప్రతి పాత అపార్ట్‌మెంట్‌లో చూస్తాను. పై బాత్రూం పొడిగా కనపడటానికీ కింద కారడానికీ ఏం సంబంధం లేదు. ఆ రోజుల్లో బాత్రూం శ్లాబు మిగతా ఇంటికన్నా ఒక అడుగు కిందకి పోసేవాళ్లు, సంకెన్ అంటాం. ఆ గుంటలో పైపులు వేసి, ఇటుక ముక్కలూ రబ్బిషూ నింపి, పైన కాంక్రీటు, దాని మీద టైల్స్. పైప్ జాయింట్ దగ్గర కొంచెం కొంచెం వదిలినా నీళ్లు ఆ ఇటుక ముక్కల్లో చేరి కూర్చుంటాయి. పైన టైల్ మీద తడి కనపడదు, అవి నిదానంగా శ్లాబులోంచి మీ ఇంట్లోకి దిగుతాయి. అంకుల్ గారు అబద్ధం చెప్పట్లేదు, ఆయనకి నిజంగానే కనపడదు.

ఇందులోంచే ఇంకో చిక్కు. "వారం రోజులు బాత్రూం వాడలేదు, అయినా కారుతూనే ఉంది, కాబట్టి మాది కాదు" అని పైవాళ్లు అంటారు. ఆ గుంటలో నిండిన నీళ్లు ఖాళీ అవ్వాలంటే వారం చాలదు, ఒక్కోసారి నెల పడుతుంది. ఆ లెక్క చెల్లదు.

మీరు పొద్దున్న ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ అన్నారు కదా, అది మంచి ఆధారం. కుళాయికి వచ్చే లైన్ పగిలితే ట్యాంకు ప్రెషర్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రాత్రీ పగలూ ఒకేలా కారుతుంది. వాడినప్పుడే పెరుగుతోందంటే బయటకి పోయే లైన్ మీద, లేదా ఫ్లోర్ మీద అనుమానం. తేల్చడానికి నీలం టెస్ట్ చేయించండి. బట్టలకి వేసే నీలం చాలు. ముందు నాని ట్రాప్‌ని (నీళ్లు పోయే జాలీ కింద ఉండే గిన్నె) గుడ్డతో బిగించి మూసేసి, ఫ్లోర్ మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి నీలం కలపండి. ఒకరోజు, కుదిరితే రెండు రోజులు అలా వదిలేయాలి. మీ సీలింగ్‌లో నీలం కనపడితే టైల్స్ సందులు పోయాయి, ఎపాక్సీ గ్రౌటింగ్‌తో (సందుల్లో నీళ్లు పట్టని పేస్ట్ నింపడం) తేలిగ్గా పోవచ్చు. కనపడకపోతే గుడ్డ తీసేసి అదే రంగు నీళ్లు ట్రాప్‌లోకి బకెట్ల కొద్దీ పోయండి. అప్పుడు కనపడితే ట్రాప్ జాయింటు. రెండు టెస్టులూ ఒకేసారి చేయొద్దు, ఏది ఏదో తెలియక మళ్లీ గొడవ.

ఎవరో ఒకరు వచ్చి కింద నుంచి వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొడితే చాలు అంటారు, ఒప్పుకోకండి. నీళ్లు పైనుంచి వస్తుంటే కింద మూత పెట్టినట్టు అవుతుంది, శ్లాబులోనే ఉండిపోతాయి, లోపల ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన రాడ్డు ఉబ్బి కాంక్రీటుని బయటకి తోసేస్తుంది, పెచ్చులు అలాగే ఊడేది. అసలే మన వైజాగ్ గాలిలో ఉప్పు, బాల్కనీ గ్రిల్ రెండేళ్లు రంగు వేయకపోతే ఏమవుతుందో మీకు తెలిసిందే.

వాల్తేరు పెద్దమ్మ:

అమ్మాయ్, పెద్దవాల్తేరులో మా అపార్ట్‌మెంట్‌కి చాలా ఏళ్లు ప్రెసిడెంట్‌గా చేశాను కాబట్టి చెబుతున్నాను. గ్రూపులో ఫోటో పెట్టిన సెక్రటరీని ముందు పట్టుకో. ఆయన చేతే అది డిలీట్ చేయించు, అదే గ్రూపులో ఆయన చేతే "లీకు ఎక్కడిదో ఇంకా తేలలేదు, దయచేసి ఎవరూ వ్యాఖ్యలు చేయవద్దు" అని రాయించు. నువ్వు రాయకు, ఆయనే రాయాలి. పోర్టులో అంతకాలం ఉద్యోగం చేసి మర్యాదగా రిటైరైన మనిషి, ఇరవై ఇళ్ల ముందు బాధ్యత లేనివాడు అనిపించుకున్నాడు. ఆయనకి నొప్పి నీళ్ల దగ్గర లేదు, అక్కడుంది.

తర్వాత మీ ఆయన్ని పంపకు. కోపంగా ఉన్న మగవాళ్లు ఇద్దరు గుమ్మంలో నిలబడి మాట్లాడుకుంటే ఆ మాటలు మెట్ల మీద పోయేవాళ్లంతా వింటారు. సాయంత్రం టీ టైం దాటాక నువ్వు, వీలైతే మీ అత్తగారో అమ్మగారో ఉంటే ఆవిడా, ఆంటీ దగ్గరకి వెళ్లండి. "గ్రూపులో అలా వచ్చినందుకు మాకూ బాధగా ఉంది" అని అక్కడ మొదలుపెట్టు, లీకు ఊసు ఆవిడే ఎత్తేదాకా ఆగు. ఎత్తుతుంది. ఎందుకంటే ఆవిడ కూడా రాత్రిళ్లు దాని గురించే ఆలోచిస్తూ ఉంటుంది.

పై ఫ్లోర్ వాళ్లు ఒప్పుకోకపోవడానికి నేను చూసినంతలో డబ్బు అసలు కారణం కాదు. ఇల్లు పగలగొడతారన్న భయం. ఇద్దరే ముసలివాళ్లు, బాత్రూం తవ్వితే పదిరోజులు దుమ్ము, మేస్త్రీలు ఇంట్లో తిరగడం, ఆ టైల్స్ మళ్లీ దొరకవు, పైగా కొడుకు సంక్రాంతికి వస్తాడేమో. ఇదంతా నోటితో చెప్పరు, "మాది కాదు" అని ఒక్క మాట అంటారు. వాళ్లకి ఇంకో బాత్రూం ఉందో లేదో కనుక్కో. పని జరిగే రోజుల్లో మా బాత్రూం వాడుకోండి అని ముందే చెప్పు. ప్లంబర్‌ని కూడా వాళ్లనే పిలవమను, వాళ్ల మనిషి చూసి చెబితే నమ్ముతారు, నువ్వు తెచ్చినవాడు ఏం చెప్పినా నీ మనిషే.

హుద్‌హుద్ అప్పుడు, అంటే 2014 అక్టోబరు 12 తుఫాను, మా ఎదురు ఫ్లాటు వాళ్లకీ మాకూ పార్కింగ్ గొడవతో మాటలు లేవు. కరెంటు లేదు, మోటార్లు లేవు, పాల ప్యాకెట్ కోసం జనం కొట్టుకున్నారు. ఆ ఎదురింటి కుర్రాడే కింద సంప్‌లోంచి బకెట్లతో నాలుగో అంతస్తుకి మాకు నీళ్లు మోశాడు. అంతా సర్దుకున్నాక పార్కింగ్ గొడవ మళ్లీ మొదలైందనుకో, అది వేరే సంగతి.

ఎన్ఏడీ బుల్లెట్:

పెద్దమ్మగారికి దండం, కానీ ఈ టీలు, పలకరింపులు అన్నిచోట్లా పనిచేయవండి. మా పైవాడు ఏడాదిన్నర "చూద్దాం సార్" అన్నాడు. ఓనర్ బెంగళూరులో, ఇక్కడ ఉండేది అద్దెకి ఉన్న బ్యాచిలర్లు, వాళ్లకేం పట్టదు. నా బెడ్‌రూం వార్డ్‌రోబ్ వెనక ప్లైవుడ్ మొత్తం ఉబ్బిపోయింది. చివరికి లాయర్ నోటీసు పంపితే అప్పుడు కదిలాడు. మంచితనంగా ఉంటే చేతగానితనం అనుకుంటారు. మీ ఆయన చెప్పిందే కరెక్ట్ అక్కా, వాల్వ్ కట్టేస్తే తెలుస్తుంది.

కోర్టు చుట్టూ తిరిగినవాడు:

బుల్లెట్ గారూ, నోటీసు వరకు సరే, వాల్వ్ మాత్రం వద్దు. మేడం గారు దయచేసి మీవారికి గట్టిగా చెప్పండి. ముసలి దంపతుల ఇంటికి నీళ్లు ఆపేశారన్న మాట ఒకసారి పోలీస్ స్టేషన్‌కి వెళితే, లీకు కథ పక్కకిపోయి మీరే ముద్దాయిలు అవుతారు. ఇప్పటివరకు న్యాయం మీవైపు ఉంది, దాన్ని మీ చేత్తో పోగొట్టుకోకండి.

పోలీసుల దగ్గరకి లీకు విషయం తీసుకెళ్తే సివిల్ మేటర్ అని పంపేస్తారు. జీవీఎంసీలో (మన కార్పొరేషన్) సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వొచ్చు, ఇచ్చినవాళ్లున్నారు, కానీ రెండు ఫ్లాట్ల మధ్య ప్రైవేటు తగువు అంటే వాళ్లు పెద్దగా చేసేదేం ఉండదు. సివిల్ కోర్టు అంటే ఏళ్లు. మధ్యలో ఒక దారి ఉంది, అది చాలామంది వాడుకోరు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకుంటే ఇద్దరినీ పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని లోక్ అదాలత్‌లో రాజీ రాసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అవతలివాళ్లు రాజీకి ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం చేయలేరు, అది తెలుసుకునే వెళ్లండి.

దానికన్నా ముందు మీ అసోసియేషన్ బైలాస్ (నియమావళి) తీసి చదవండి. రిజిస్టర్ అయిన అసోసియేషన్ అయితే బైలాస్ ఉండి తీరాలి, ఫ్లాటు కొన్నప్పుడు ఒక కాపీ ఇచ్చే ఉంటారు, బీరువాలో డాక్యుమెంట్ల అడుగున ఉంటుంది చూడండి. మాదాంట్లో అయితే ఫ్లాటు లోపలి పైపులు ఓనర్‌వి, ఒకటికన్నా ఎక్కువ ఫ్లాట్లకి పనికొచ్చే నిలువు పైపులు, బయటి గోడలు, టెర్రస్ అసోసియేషన్‌వి అని స్పష్టంగా రాసి ఉంది. మీదాంట్లో ఏముందో అదే మీకు వర్తిస్తుంది. ఫోటోలు తేదీలతో దాచుకోండి, గ్రూపులో పెట్టడానికి కాదు, రేపు అవసరమైతే ఉంటాయని.

మధురవాడ థర్డ్‌ఫ్లోర్:

నేను అవతలి పక్షం నుంచి మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడందరూ పైవాడిదే తప్పు అని ఖాయం చేసేసుకుని మాట్లాడుతున్నారు.

మా కిందవాళ్లు కూడా ఇలాగే వచ్చారు. వాళ్ల మాట నమ్మి నేను బాత్రూం ఫ్లోర్ మొత్తం పగలగొట్టించి వాటర్‌ప్రూఫింగ్ చేయించాను, చిన్న ఖర్చు కాదది. పదిహేను రోజులు బాగుంది, మళ్లీ వాన పడగానే కారింది. అప్పుడు మా వాచ్‌మెన్ డక్ట్‌లోకి దిగి చూశాడు (డక్ట్ అంటే బాత్రూంల వెనక పైపులన్నీ దిగే సందు, మన బిల్డింగుల్లో పావురాల రెట్ట తప్ప అక్కడికి ఎవరూ పోరు). నిలువు పైప్ జాయింట్‌లో రావి మొక్క మొలిచి ఉంది. నా ఎత్తు ఉంది ఆ మొక్క. వేళ్లు జాయింట్‌లోంచి పైపు లోపలికీ, గోడ పగులులోకీ దిగిపోయాయి. అయిదో ఫ్లోర్ వాడు స్నానం చేసినా ఆ నీళ్లు అక్కడ గోడలోకి పోయి కిందింటి సీలింగ్ మూలన తేలుతున్నాయి. నా బాత్రూంకి సంబంధమే లేదు.

ఆ డబ్బు నాకు ఎవరిస్తారండి? ఎవరూ ఇవ్వలేదు. అసోసియేషన్ ప్రతినెలా మెయింటెనెన్స్ వసూలు చేస్తుంది, లిఫ్ట్, వాచ్‌మెన్ జీతం, మోటారు రిపేరు, వినాయక చవితి, అంతే. డక్ట్ పైపులు అని ఒక పద్దు ఏ లెక్కలోనూ ఉండదు. కాబట్టి మేడం, అంకుల్ ఫ్లోర్ మీద సుత్తి వేసేముందు ఎవరినైనా టార్చ్ ఇచ్చి డక్ట్‌లోకి పంపండి. మీరు హాల్ బయటి గోడ కూడా చెమ్మ అంటున్నారు, అది బాత్రూం నీళ్లు కాకపోవచ్చు. గాలివాన కొట్టేటప్పుడు సముద్రం వైపు గోడకి సన్నటి పగులున్నా చాలు.

గాజువాక సైట్ మనిషి:

మధురవాడ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. డక్ట్ చూడకుండా ఏ పనీ మొదలుపెట్టొద్దు. రావి మొక్క కోసేస్తే మళ్లీ వస్తుంది, జాయింట్ విప్పి వేరుతో సహా తీయాలి, లేదంటే వచ్చే వానకి మళ్లీ మనిషెత్తు.

సీతమ్మధార సెకండ్‌ఫ్లోర్:

అందరికీ చాలా థాంక్స్. తర్వాత ఏం జరిగిందో చెబుతాను.

సెక్రటరీ గారు మొదట ఒప్పుకోలేదు, "నేను మంచికే పెట్టాను" అన్నారు. మా అత్తగారు వెళ్లి మాట్లాడితే ఫోటో తీసేసి పెద్దమ్మగారు చెప్పిన లైన్ అక్షరం పొల్లు పోకుండా రాశారు. ఆ సాయంత్రమే నేనూ అత్తగారూ పైకి వెళ్లాం. ఆంటీ తలుపు తీసి ఒక నిమిషం అలాగే నిలబడ్డారు, తర్వాత లోపలికి రమ్మన్నారు. పెద్దమ్మగారూ, మీరన్నది నిజం, పావుగంట కాకముందే ఆవిడే ఎత్తారు. అంకుల్‌కి బీపీ పెరిగిందట, గ్రూపులో వచ్చినవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి కొడుక్కి పంపారట, ఆ అబ్బాయి అక్కడ్నుంచి ఫోన్ చేసి "ఫ్లాట్ అమ్మేసి వచ్చేయండి" అన్నాడట. ఇంత అయిందని మాకు తెలీదు.

నీలం టెస్ట్ అనగానే అంకుల్‌కి ఆసక్తి పుట్టింది. ఆయనే దగ్గరుండి చేయించారు, పోర్టులో ఇంజినీరింగ్ సెక్షన్‌లో చేసినాయన కదా. పాత టవల్ ముక్క ట్రాప్‌లో కుక్కి, గడప దగ్గర సిమెంటు కట్ట కట్టించి, నీళ్లు నిలబెట్టి, స్కేలు పెట్టి ఎత్తు కొలిచి గోడ మీద పెన్సిల్‌తో గీత గీశారు. రెండో రోజుకి నీళ్లు ఆ గీత నుంచి పెద్దగా దిగలేదు, మా సీలింగ్‌లో రంగు లేదు. అంకుల్ మొహం చూడాలి, "చూశావా అమ్మా" అని. సరే, గుడ్డ తీసి రంగు నీళ్లు ట్రాప్‌లోకి పోయించారు. మర్నాడు సాయంత్రం మా ఆయన కేకేశారు. గీజర్ పాయింట్‌కి కొంచెం అవతల, ఆ ఉప్పు మచ్చ మధ్యలో, లేత నీలం చార. అంకుల్‌ని పిలిస్తే స్టూలెక్కి వేలితో తుడిచి చూసుకున్నారు. ఏమీ అనలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఫ్లోర్ పొడి అన్నది కరెక్టే, ట్రాప్ జాయింట్ కారుతోంది అన్నదీ కరెక్టే.

డక్ట్ కూడా చూశాం. రావి మొక్క లేదు కానీ ఒక పైప్ క్లాంప్ తుప్పు పట్టి ఊడిపోయి పైపు వేలాడుతోంది. హాల్ గోడ వేరే కథ, బయట పగులుంది, అది అసోసియేషన్ పని అని సెక్రటరీ గారు ఒప్పుకున్నారు (వాన తగ్గాక అన్నారు, చూద్దాం).

ఇప్పుడు డబ్బు సంగతి. ట్రాప్ మార్చే ఖర్చు అంకుల్ పెట్టుకుంటానన్నారు. మా సీలింగ్ ప్లాస్టరింగ్, రంగు కూడా ఆయనే ఇవ్వాలని మా ఆయన. నాకు అడగబుద్ధి కావట్లేదు. ఇంకోటి, ఆంటీకి అసలు బెంగ టైల్స్. పాత లేత ఆకుపచ్చ టైల్స్, ఎక్కడా దొరకవు.

ఎన్ఏడీ బుల్లెట్:

అక్కా అడగండి, ఎందుకు అడగరు? నష్టం మీకు వాళ్ల పైపు వల్లే కదా వచ్చింది. మొహమాటపడితే రేపు మీ ఆయన ప్రతి గొడవలోనూ ఇదే గుర్తుచేస్తారు. కానీ ఒకటి ఒప్పుకుంటాను, మీ అంకుల్ స్కేలు పెట్టి గీత గీశాడు చూడండి, నాకు ఆ టైప్ పైవాడు దొరికుంటే లాయర్‌కి కట్టిన డబ్బు మిగిలేది.

కోర్టు చుట్టూ తిరిగినవాడు:

గట్టిగా పట్టుబడితే అడగొచ్చు, అడిగితే తప్పేం లేదు. కానీ సీలింగ్ ఒక మూల ప్లాస్టరింగ్ అంటే పెద్ద మొత్తం కాదు. అదే మేస్త్రీ, అదే రోజు, పైన పని అయ్యాక కింద కూడా చేస్తే కూలి కలిసొస్తుంది. ఎవరెంత అన్నది పని మొదలవ్వకముందే ఒక కాగితం మీద రాసుకోండి, సంతకాలు అక్కర్లేదు, ఇద్దరి ఫోన్లలో దాని ఫోటో ఉంటే చాలు.

వాల్తేరు పెద్దమ్మ:

సగం సగం అను. మొత్తం అడిగితే ఇస్తాడు, కానీ ఇచ్చినట్టు గుర్తుపెట్టుకుంటాడు. అసలు అడక్కపోతే మీ ఆయన గుర్తుపెట్టుకుంటాడు.

గాజువాక సైట్ మనిషి:

రంగు కంగారుపడి వెంటనే వేయించకండి మేడం. ట్రాప్ మార్చాక కూడా ఆ ఇటుక ముక్కల్లోని నీళ్లు దిగుతూనే ఉంటాయి, కొన్ని వారాలు మచ్చ తడిగానే కనపడుతుంది. అది చూసి "పని సరిగ్గా చేయలేదు" అని మళ్లీ పైకి పరిగెత్తకండి. బాగా ఆరిపోయి, ఉప్పు పొంగడం ఆగాక, వదులుగా ఉన్న ప్లాస్టరింగ్ కొట్టేసి, రాడ్డు బయటపడి ఉంటే తుప్పు వైర్ బ్రష్‌తో గీకించి, దానికి తుప్పు పట్టని కోటింగ్ వేయించి, ఆ తర్వాతే ప్లాస్టరింగ్. గీజర్ పాయింట్ అప్పటిదాకా ఆఫ్‌లోనే ఉండాలి.

టైల్స్ గురించి ఆంటీ గారికి చెప్పండి, ఫ్లోర్ మొత్తం తీయాల్సిన అవసరం లేదు. ట్రాప్ చుట్టూ రెండడుగుల చదరం కట్టర్‌తో కోసి తీస్తే చాలు, సుత్తితో కొట్టనివ్వకండి, పక్క టైల్స్ కదిలిపోతాయి. కొత్త ట్రాప్ బిగించాక పైన నీళ్లు పోసి, రాత్రంతా ఆపి చూసుకుని, అప్పుడే మూయమనండి. పాత రంగు ఎలాగూ దొరకదు కాబట్టి దగ్గరగా ఉండే ఆకుపచ్చ వెతికితే అతుకు వేసినట్టే కనపడుతుంది. దానికన్నా ఆ చదరం ముదురు రంగులో, బూడిద రంగో నలుపో, జారని టైల్ వేసేస్తే కావాలని వేసినట్టు ఉంటుంది, పెద్దవాళ్లకి కాలు జారకుండానూ ఉంటుంది. వాలు మాత్రం ట్రాప్ వైపు ఉందో లేదో మేస్త్రీ వెళ్లకముందే ఒక చెంబుడు నీళ్లు పోసి చూసుకోమనండి.

సీతమ్మధార సెకండ్‌ఫ్లోర్:

ముదురు రంగు అనగానే ఆంటీ ఒప్పుకున్నారు, నలుపు వద్దు, బూడిద రంగు అన్నారు. కట్టర్ ఉన్న మేస్త్రీ సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు ఎవరైనా తెలిస్తే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, నంబర్ ఇక్కడ రాయొద్దు. అంకుల్ మాత్రం మేస్త్రీ వచ్చినా ట్రాప్ తానే దగ్గరుండి బిగిస్తానంటున్నారు.